సాక్షుల వయసు

పోయిన వానాకాలం బాపు ఎడమ చెయ్యి రెండు రోజులు మొద్దుబారింది. నిజామాబాద్ డాక్టరు ఇది హెచ్చరిక మాత్రమే అన్నాడు. చుట్టాలకు ఆ మాట చాల్లేదు, వచ్చి మంచం చుట్టూ నిలబడి ఏడ్చారు. మూడో రోజు బాపు లేచి కూర్చుని, వాళ్ళు తెచ్చిన దానిమ్మపండు తింటూ నాతో అన్నాడు.

"వీలునామా రాయాలె."

"సంతకం పెట్టేది కుడి చెయ్యే గద బాపూ, తొందరేముంది?"

"తొందర నీ తోటే."

నిజమే. బోధన్‌లో మా ఇంటికి రోడ్డు వైపున్న గదిలో మేనత్త ఉంటుంది. భర్త పోయాక, పిల్లలు లేక, అన్న ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అమ్మ నా చిన్నప్పుడే పోతే నాకు అన్నం తినిపించింది ఆమే. ఆమె వడ్డించిన అన్నం తింటూనే నేనొకసారి, ఆ గది పడగొట్టి రెండు మడిగెలు వేస్తే దుకాణాలకు కిరాయికి ఇవ్వొచ్చు అన్నాను. జోకేశానని తర్వాత చెప్పుకున్నాను. అత్త నవ్వింది. బాపు నవ్వలేదు. ఉన్నమాట చెప్పాలంటే, అందులో సగమే జోకు.

ఇరవై ఏళ్ళలో అత్త ఆ గది గోడకు ఒక్క మేకు కొట్టలేదు. క్యాలెండరును కూడా కిటికీ ఊచకు దారంతో కట్టుకుంటుంది. గాలి వీస్తే తేదీలు వీధి వైపు తిరుగుతాయి. పక్కింటివాళ్ళకు ఏకాదశి ముందే తెలిసిపోతుంది. నేను దాన్ని అత్త పిసినారితనం కింద జమకట్టాను.

వీలునామాలో పెద్ద మెలికేం లేదు. ఇల్లు ఒక్కగానొక్క కొడుకునైన నాకు. కానీ అత్త బతికినంతకాలం ఆ గది ఆమెది. ఎవరూ ఖాళీ చేయించరాదు. ఆ "ఎవరూ" ఎవరో అందరికీ తెలుసు.

సాక్షులను బాపే ఎంచుకున్నాడు. ఒకరు మోస్రాలో ఉండే ఆయన మేనమామ. నాకు తాత. ఇంకొకరు నవీపేట్‌లో ఉండే ఆయన చిన్నప్పటి సారు. మా దగ్గర పెద్దమనిషి సంతకం పడితేనే కాగితానికి బరువు. మనిషి ఎంత పాతబడితే బరువు అంత. ఇద్దరినీ కారులో పట్టుకొచ్చి రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన డాక్యుమెంట్ రైటర్ గదిలో కూర్చోబెట్టాను.

"వయసు?" రైటర్ అడిగాడు.

"ఎనభై ఆరు," తాత మీసం దువ్వాడు.

"సారుది?"

"ఎనభై తొమ్మిది నడుస్తున్నది."

రైటర్ పెన్ను కింద పెట్టి, అరవై నాలుగేళ్ళ బాపును చూశాడు. తర్వాత, నువ్వే చెప్పు అన్నట్టు నన్ను చూశాడు.

"తాతా, బాపు పోయినంక ఎవరన్న కిరికిరి పెడితే, మా ముంగట్నే సంతకం పెట్టిండని కోర్టుల చెప్పేటోళ్ళు కావాలె."

"చెప్తం. మాకేం భయమా?"

"భయం ముచ్చట కాదు. బాపు ఇంకో ఇరవై ఏండ్లు బతికితే నీకు నూటారు."

తాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "సూసినవా అల్లుడా! నీ కొడుకు నన్ను ఇప్పుడే సంపుతున్నడు! అసలు కిరికిరి పెట్టేదెవడు?"

"నేనే. ఇంకెవరున్నరు?"

సారు మాత్రం కదల్లేదు. "కూసోవయ్యా. పోరడు చెప్పింది కరెక్టే. అప్పుడు హాజరు పిలిస్తే మనం పలుకం."

"పెద్దమనుషుల్ని పిలిపిచ్చుకోని పొమ్మంటనా?" బాపు మొహం మాడ్చుకున్నాడు.

ఇద్దరికి తక్కువ ఉండకూడదు గాని, ఎక్కువుంటే తప్పు లేదని రైటర్ దారి చూపించాడు. తాత మళ్ళీ కూర్చున్నాడు.

మా ఎదురింటి టైలర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఎవరి చొక్కానో ఒక చెయ్యి కుట్టి వదిలేసి, మెడలో టేపుతోనే, భార్యను స్కూటీ మీద ఎక్కించుకుని వచ్చాడు.

"చాచాకు ఏమైంది?"

"ఏం కాలే. నువ్వు చాచాకంటే వెనక పోవాలె, గంతే."

"ఇన్షా అల్లా," అన్నాడు. వయసు ముప్పై రెండన్నాడు. "ముప్పై నాలుగు," అని భార్య ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

బాపు సంతకం పెడుతుంటే ఎడమ చేతి కింద కాగితం వణికింది. నేను పట్టుకోబోయాను.

"నువ్వు ముట్టకు," అన్నాడు బాపు. "రేపు నువ్వే పట్టి పెట్టిచ్చినవంటరు."

కాగితాన్ని సారు పట్టుకున్నాడు. తర్వాత నలుగురూ వరుసగా సాక్షి సంతకాలు చేశారు. అందరికంటే పెద్ద సంతకం తాతది.

అన్న పోయే కాగితానికి నేను రానని అత్త ఇంట్లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక బాపు గది గురించిన ఆ ఒక్క వాక్యం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె కొంగు కళ్ళ దాకా పోయింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నదన్నాను. కొంగు దించి వంటింట్లోకి నడిచింది. పప్పు నిజంగానే మాడింది.

మర్నాడు పొద్దున క్యాలెండరు చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"కొడుకా, గోడకో మొల కొట్టవా."

"వీలునామా ఇంకా అమలుకు రాలేదత్తా. బాపు బతికే ఉన్నడు."

"కొట్టురా," బాపు మంచం మీది నుంచే అరిచాడు. "నేను పోయేదాంక అది కిటికీకే ఏలాడాల్నా?"

సుత్తె వెతకడానికి లేచాను.