పెద్దాసుపత్రిలో మా మాట

మాది హుకుంపేట దాటి, తారు రోడ్డు దిగి, మధ్యలో పారే గెడ్డ దాటి నడిచి వెళ్ళాల్సిన ఊరు. ఇంట్లో కువి మాట్లాడుకుంటాం. తెలుగు నాకు ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. నాన్న కాఫీ, చోళ్ళు పండిస్తాడు, పండగొస్తే కొండదేవతకి కోడిని కోస్తాడు. అమ్మ నా చిన్నప్పుడే ప్రభువుని నమ్ముకుంది. ఆదివారం ఆమె మందిరానికి వెళ్తే నాన్న పొలానికి వెళ్ళేవాడు. ఆ విషయం మీద వాళ్ళిద్దరూ గొడవపడగా నేను చూడలేదు. నేను అమ్మ వెంట వెళ్ళేదాన్ని. మొదట్లో పాటల కోసమే.

ఇంటర్ అయ్యాక విశాఖపట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. మా ఊరి నుంచి అంత దూరం చదువుకి వెళ్ళబోయే మొదటి ఆడపిల్లని నేనే. పాస్టరమ్మగారు నన్ను మందిరంలో ముందు నిలబెట్టి అందరిచేతా ప్రార్థన చేయించారు. సరిగ్గా వెళ్ళాల్సిన నెలలో జ్వరం పట్టుకుంది. గట్టిగా ఊపిరి తీస్తే పక్కలో పోటు. పాడేరు పెద్దాసుపత్రిలో చూసి టీబీ అన్నారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. పక్కవాళ్ళకి అంటుకునే రకం కాదని తేల్చుకున్నాక ఆడవాళ్ళ వార్డులో మంచం ఇచ్చారు. నీరు తీశారు. నెలల తరబడి మందులు మింగాలన్నారు. కాలేజీ నా కోసం ఆగలేదు. సీటు ఇంకో అమ్మాయికి పోయింది.

అమ్మ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని గానీ లోపల ఒక్క మాటా కదిలేది కాదు. రోగులకి సేవ చేస్తానన్నాను కదా, మరి నన్నే రోగిని చేశావేమిటని ప్రభువు మీద కోపం. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసినట్టుంది. ఒకరోజు తల నిమురుతూ, "ఆయనతో మాట్లాడాలని లేకపోతే ఊరుకో. ఆయనేం అలిగిపోడు," అంది.

అలా ఉండగా ఒక ఉదయం నా పక్క మంచం మీదికి ఒక ముసలామెని తెచ్చారు. కొండవాలులో జారిపడి కాలు విరిగింది. కొడుకు డోలీ కట్టించి రోడ్డుదాకా మోయించుకొచ్చి, జీపెక్కించి తెచ్చాడు. ఇంటి దగ్గర పిల్లలు ఒంటరిగా ఉన్నారని, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. ఆమెకి తెలుగు ముక్క రాదు. అన్నం పెడితే పళ్ళెం తోసేసింది. సూది చూసి దుప్పటి ముసుగేసుకుంది. డ్యూటీ సిస్టరుది విజయనగరం వైపు. ఓపికున్న మనిషే గానీ ఆ పూట వార్డంతా ఆవిడ ఒక్కతే చూసుకోవాలి.

"ఏటమ్మా ఇది? అన్నం ముట్టవు, సూది ఎయ్యనివ్వవు. నాను ఏటి సెయ్యాలో సెప్పు," అంది ముసలామె పక్కన నిలబడి.

దుప్పటి లోపల ముసలామె ఏదో గొణుగుతోంది. అది మా కువి. "నిద్రమందు పెడతారు. నేను పడుకోగానే కాలు నరికేస్తారు," అంటోంది.

నేను పోటున్న పక్కని నొక్కుకుంటూ లేచి కూర్చున్నాను. "అవ్వా, ఎవరు చెప్పారు నీకు?" అని మా భాషలో అడిగాను.

ముసుగు తొలగింది. వరండాలో కాలు లేని మనిషిని చక్రాల కుర్చీలో తోసుకెళ్తుంటే చూసిందట. అన్నంలో కూడా నిద్రమందు కలుపుతారని అనుమానం. నేను సిస్టరుకి చెప్పాను, సిస్టరు డాక్టరుగారిని పిలిచింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, ఎముక ఎక్కడ విరిగిందో తన కాలి మీదే వేలితో గీసి చూపించారు. "కట్టు కడతాం. కాలు తీసే పనే లేదని చెప్పమ్మా."

నేను చెప్పాను. చింతపండు కాలానికి చెట్టెక్కగలనా అని ఆమె అడిగింది.

డాక్టరుగారు నవ్వి, "నడుస్తుంది. చెట్టు మాత్రం మనవల్ని ఎక్కించమను," అన్నారు.

ఆ మాట నేను చెప్పగానే ఆమె పళ్ళెం ఇమ్మని చెయ్యి చాపింది.

ఆ రోజు నుంచి సిస్టరు, వాళ్ళ వైపు ఆడపిల్లల్ని పిలిచినట్టు, "ఓ గుంటా, ఇలా రా," అని పిలిస్తే ఓపిక ఉన్నంత మేరకు ఏదో ఒక మంచం దగ్గరికి మాట చేరవెయ్యడానికి వెళ్ళేదాన్ని. నన్ను ఇంటికి పంపించే రోజు ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు వెళ్ళిపోతే నాకు నోరు పోతుంది," అంది. అప్పటికి వాళ్ళబ్బాయి వచ్చి ఉన్నాడు. అతనికీ తెలుగు అంతంతమాత్రమే.

ఇంటికొచ్చాక నెలలు గడిచాయి, మందులు పూర్తయ్యాయి. కాఫీ పళ్ళు కోస్తుంటే ఆ ముసలామె మాటే చెవిలో తిరిగేది. ఒక మధ్యాహ్నం తోటలో, చేతిలో బుట్టతోనే, చాలాకాలానికి ప్రార్థన వచ్చింది. పెద్ద ప్రార్థనేం కాదు. "నన్ను అక్కడికే పంపుతున్నావా?" అని అడిగాను. జవాబుగా గొంతేమీ వినబడలేదు. మనసులో ముడి ఒకటి వదులైనట్టు మాత్రం అనిపించింది.

ఆసుపత్రిలో మావాళ్ళకి మాటసాయం చేస్తానని ఇంట్లో చెప్తే అమ్మ భయపడింది. ఇప్పుడే కోలుకున్న ఒళ్ళు, మళ్ళీ రోగుల మధ్యకా అంది. నాన్న పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "మీ దేవుడు పిలిచాడో లేదో నాకు తెలీదు. ఆ ముసలిది మాత్రం పిలిచింది. వెళ్ళనీ," అన్నాడు.

మొదటి రోజు ఆసుపత్రి గేటు దగ్గర ఆపేశారు.

"ఎవుల్ని సూడ్డానికొచ్చావు?" అన్నాడు కాపలా ఆయన.

"ఎవర్నీ కాదు."

"మరేటి పని నీకు?"

నేను నోరు తెరిచేలోపు, డ్యూటీ దిగి వస్తున్న సిస్టరు గుర్తుపట్టి, "అది మా గుంటే, వదిలెయ్," అని లోపలికి తీసుకెళ్ళింది. తర్వాత డాక్టరుగారు పెద్దవాళ్ళతో మాట్లాడి అనుమతి ఇప్పించారు. పాడేరులో పాస్టరమ్మగారికి తెలిసిన ఒకావిడ తన ఇంట్లో గది ఇచ్చి, కుట్టుపని నేర్పింది. పొద్దున్న ఆసుపత్రి, మధ్యాహ్నం నుంచి కుట్టుమిషను. అలా కుదురుకున్నాను.

కొందరు నన్ను అనుమానంగా చూశారు. మందుల కొట్టాయన ఒకసారి మొహం మీదే అడిగాడు, "మతంలో కలపడానికేనా ఇదంతా?" అని. "నా దేవుడు నన్ను పంపాడు. వాళ్ళ దేవుడి జోలికి నేను వెళ్ళను," అన్నాను. ఎవరైనా అడిగితేనే పైకి ప్రార్థన చేస్తాను. అడగనివాళ్ళ కోసం లోపల చేసుకుంటాను.

ఎప్పుడూ మంచి మాటలే మోసుకెళ్ళడానికి దొరకవు. ఒకామెకి బిడ్డ పుట్టి బతకలేదు. డాక్టరమ్మగారు తెలుగులో చెప్పి తల దించుకున్నారు. ఆ తల్లి నా మొహంలోకి చూస్తోంది. ఆ మాట నా నోటితోనే చెప్పాలి. చెప్పాను. అంతకు మించి ఏ భాషలోనూ నా దగ్గర మాట లేదు. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుంటే, వాళ్ళమ్మ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ రోజు మిషను ముట్టుకోలేదు. గది ఇచ్చినావిడ వేడి అంబలి గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. వెళ్ళగలనని అప్పుడే తెలిసింది.

నర్సుల తెల్లబట్టలు చూస్తే ఇదివరకు మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు తిప్పుకోను. చలికాలంలో మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, మఫ్లరు చుట్టుకుని నెమ్మదిగా ఎక్కుతాను. ఈ మధ్య ఒడిశా సరిహద్దు వైపు నుంచి వచ్చేవాళ్ళ మాటలు నేర్చుకుంటున్నాను. మొన్న ఒక ముసలవ్వని నొప్పి ఎక్కడుందని అడగబోయి, పెళ్ళెప్పుడని అడిగానట. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మంచివాడెవడైనా ఉంటే చూడమంది. పక్క మంచాలవాళ్ళంతా నవ్వారు. సిస్టరుకి ఏం జరిగిందో తెలుగులో చెబుదామంటే నాకు నవ్వాగలేదు.