తొమ్మిదో పండు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మా తెనాలిలో ఏ చదువైనా వచ్చిందని ఒప్పుకోవాలంటే చేతులు కట్టుకుని నిలబడి, ఒక్క గుక్కలో అప్పజెప్పాలి. ఎక్కాలు అంతే, తెలుగు నెలలు అంతే. అర్థమైందా అని ఎవరూ అడిగేవారు కాదు (అడగకపోవడమే మాకూ క్షేమం). అందుకే ఇటాలియన్ కూడా నేను అలాగే నేర్చుకున్నానంటే తప్పంతా నాదే అనకండి.

టైపు పాసై రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్నాను. రేపల్లెలో ఆసుపత్రి నడిపే ఒక ఇటలీ సిస్టరుగారికి చీట్లు రాసే అమ్మాయి కావాలని కబురు వచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే నన్ను చుండూరు పంపి, మేనత్త దగ్గర కుట్టు మిషను ముందు కూర్చోబెడతానని అమ్మ తేల్చి చెప్పింది. నాకు సూదిలో దారం ఎక్కించడమే గండం. అప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో రిటైరైన మా పెదనాన్న రంగంలోకి దిగారు. "ఆవిడ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే ఉద్యోగం ఎక్కడికి పోద్ది?" అంటూ పాత పుస్తకాల కొట్లోంచి ఇటలీ పిల్లల బొమ్మల వాచకం ఒకటి పట్టుకొచ్చారు. ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు. మిగిలింది పండ్ల పాఠం ఒక్కటే. మేలా యాపిల్, పేరా బేరిపండు, ఊవా ద్రాక్ష, అరాన్సియా నారింజ, లిమోనె నిమ్మ... (ఉచ్చారణ పూర్తిగా పెదనాన్న సొంతం.) చిక్కల్లా ఆరో పండు దగ్గర వచ్చింది. సిలీజియా అంటే చెర్రీ. మేమెవరం దాన్ని చూసి ఎరగం.

"రేగుపండు అనుకోవే," అన్నారు పెదనాన్న. ఏడోది ఫ్రగోలా, స్ట్రాబెర్రీ. "ఇదీ రేగుపండే, మచ్చలుంటాయి." ఎనిమిదోది పెస్కా, పీచ్. "పెద్ద రేగుపండు."

వంటింట్లోంచి అమ్మ, "అన్నీ రేగుపళ్లే అయితే అన్ని పేర్లెందుకండి బావగారూ?" అంది. ఆయన వినబడనట్టు తొమ్మిదోదానికి, బనానాకి, వెళ్లిపోయారు.

ఇంటర్వ్యూ రోజు కొల్లూరు లంక అరటిపళ్లు బుట్టలో పెట్టుకుని రేపల్లె రైలెక్కాం. పెదనాన్న రైలుపెట్టెలోనే నన్ను నిలబెట్టి అప్పజెప్పించారు. వేమూరు దాటేసరికి పల్లీలమ్మే ఆయన కూడా నాకు పండ్ల పేర్లు అందిస్తున్నాడు.

పెదనాన్న ఆసుపత్రి వరండాలో ఆగిపోయారు. నేను లోపలికెళ్లాను. సిస్టరుగారు తెల్లగా, పొడుగ్గా ఉన్నారు. బుట్ట వైపు చూసి, "అవి ఏంటమ్మా?" అన్నారు. తెలుగులోనే. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ సంగతి గమనించకపోవడం. ఇటాలియన్‌లో జవాబు చెప్పాలి. కానీ ఏడో ఎక్కంలో ఏడెనిమిదులు కావాలంటే ఏడొకట్ల నుంచి రావాల్సిన దాన్ని, అరటిపండు ఒక్కదాన్ని విడిగా ఎలా తీయను? చేతులు కట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. "మేలా యాపిల్, పేరా బేరిపండు..." అని మొదలుపెట్టి, మూడు రేగుపళ్లూ దాటుకుని, చెమటలు కక్కుతూ "బనానా" దగ్గర ఆగాను.

కళ్లు తెరిస్తే ఆవిడ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారు. భుజాలు ఊగుతున్నాయి.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా పెదనాన్నండి."

"ఆయనకు ఇటాలియన్ వచ్చా?"

"రాదండి. ఎక్కాలు వచ్చండి."

ఆవిడ ఇక ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తాను ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్లయిందనీ, నాకు తెలుగులో చీట్లు రాయడం వస్తే చాలుననీ, సోమవారం నుంచి రమ్మనీ చెప్పారు. బయటికొచ్చి ఉద్యోగం వచ్చిందనగానే పెదనాన్న కండువా దులిపి భుజాన వేసుకుని, "చూశావా, భాష!" అన్నారు. ఆవిడ తెలుగులోనే మాట్లాడారని చెబుదామనుకున్నాను. ఆయన మొహం చూసి నోరు రాలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.

తర్వాత పెళ్లై బాపట్ల వచ్చేశాను. మొన్న బజార్లో బండి మీద చెర్రీలు కనిపించాయి. "ఏం కావాలమ్మా?" అని బండాయన అడిగితే, నాలో ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్న ఆ పిచ్చిపిల్ల లోపల్లోపలే మేలా నుంచి మొదలుపెట్టి ఆరో పండు దగ్గరకొచ్చేదాకా నన్ను నోరు మెదపనివ్వలేదు. పాపం, ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. అక్కడే ఒకటి నోట్లో వేసుకున్నాను. రేగుపండుకీ దానికీ ఏ పోలికా లేదు. అయినా పెదనాన్న ఎదురుగా ఉంటే మాత్రం, "రేగుపండేనండి" అనే అప్పజెబుతాను.