వెర్నా తుడిచిన కిటికీలు

అరవై ఏళ్ళుగా మా అయోవా పల్లెలో ఎవరు పోయినా, కన్నీళ్ళకన్నా ముందు వెర్నా వండిన నూడుల్స్ గిన్నె ఆ ఇంటికి చేరేది. గిన్నె అడుగున తన పేరు రాసి అంటించేది. వారం తిరక్కుండా గిన్నె కోసమని తనే వెళ్ళి, ఆ ఇల్లు మూలమూలా చూసొచ్చి, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, "పాపం, దుమ్ము కూడా దులుపుకోలేకపోతోంది" అని జాలిపడేది. ఆరుగురు పిల్లల్ని పెంచి, నలభై ఆవుల పాలు పిండిన చేతులు, ఊరికే ఉండవు మరి.

మంచం పట్టిన మొగుడు హార్లన్ ఆఖరిరోజున, "కాసేపు నా దగ్గర కూచోవే" అన్నాడు.

"కూచుంటే ఈ కిటికీలెవరు తుడుస్తారు? రేపు గిన్నెలు పట్టుకుని ఊరంతా దిగుతుంది" అంది వెర్నా.

చివరి కిటికీ తుడవడం అయ్యేసరికి ఆయన పోయాడు. మర్నాడు గిన్నెతో వచ్చిన పొరుగింటి ఆర్డిస్, "అద్దాల మీద ఒక్క మరకైనా లేదు వదినా" అంది.

వెర్నా అప్పుడు ఏడ్చింది.