మైకు ఆపిన మూడు నిమిషాలు

ఇలాంటి సంగతులు చెప్పేవాళ్లందరూ ముందు "నేను వీటిని నమ్మనండి" అనే మొదలుపెడతారు. ఆ మాట వినగానే నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు అదే మాట నేనూ రాయాల్సి వచ్చింది కాబట్టి మీరూ నవ్వుకోండి. నేను నమ్మను. కాలేజీలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ, ఆధారం చూపించకుండా జవాబు రాసినవాడికి మార్కులు కోసిన మనిషిని. అందుకే నా దగ్గర ఏ ఆధారం ఉందో, ఏది లేదో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది బాపట్ల, లూథరన్ కుటుంబం. ఉద్యోగం తెనాలిలో. రోజూ పాసింజరు రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. ఇంట్లో అమ్మ, నేను, నా భార్య. తమ్ముడు ఆశీర్ ఈ సంగతి జరగడానికి నాలుగేళ్ల ముందు ఒక ఆదివారం స్నేహితులతో సూర్యలంక వెళ్లి, సముద్రంలోకి దిగి తిరిగి రాలేదు. నలుగురు చూస్తుండగానే అల లాగేసింది. శవం దొరకలేదు.

దొరకలేదు గనుక అమ్మ ఒప్పుకోలేదు. మాలో చనిపోయినవాళ్ల కోసం జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లకు భోజనం పెడతారు. ఆ మాట ఎత్తితే చాలు, అమ్మ లేచి వెళ్లిపోయేది. పాస్టరుగారు చెప్పి చూశారు. మేనమామలు చెప్పి చూశారు. నేనైతే అరిచాను కూడా. గేటు చప్పుడైన ప్రతిసారీ ముగ్గురం తలెత్తి చూసేవాళ్లం. ఏ పాలవాడో, పోస్టువాడో వచ్చేవాడు. ఆ ఇంట్లో నిలకడగా పది నిమిషాలు కూర్చోలేకపోయేవాణ్ణి. అమ్మ మీద విసుగు, విసుక్కున్నందుకు సిగ్గు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రోజూ సాయంత్రం అమ్మ ఒక గ్లాసు మజ్జిగ కలిపి మూతపెట్టి పక్కన ఉంచేది. ఎవరూ తాగేవాళ్లు కాదు. తెల్లారాక ఎంత పులిసినా తనే తాగేసేది తప్ప పారబోసేది కాదు. ఎందుకమ్మా అంటే "ఎవరైనా వస్తారేమోరా" అనేది. అంతకు మించి మేం అడగలేదు.

తెనాలిలో మాకొక ఫిల్మ్ సొసైటీ ఉండేది. పేరు పెద్దదే గానీ సభ్యులు పాతికమంది. అందులో సగం రిటైరైనవాళ్లు, మిగతావాళ్లు ఫ్యాను కింద కూర్చోవచ్చని వచ్చేవాళ్లు. డీవీడీలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ ఏడాది హైదరాబాదు నుంచి సుచరిత అనే అమ్మాయి, చేతిలో కెమెరా తప్ప ఇంకేమీ లేనివాళ్లు దేశంలో అక్కడక్కడా తీసిన సినిమాలు ఒక అయిదు ఏరి మాకు పంపింది. స్టార్లు లేరు, పాటలు లేవు. ఏ సినిమా తర్వాత ఏది వెయ్యాలో కూడా ఒక కాగితం మీద రాసిచ్చింది. అవే సినిమాలు ఒక ఆదివారం తెనాలిలో, తర్వాతి ఆదివారం బాపట్లలో, ఆ పై ఆదివారం రేపల్లెలో. అన్నీ పగటి ఆటలే.

భాషలన్నీ మనవి కావు. కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి, అవి మావాళ్లకు అందవు. అందుకని తెర పక్కన కుర్చీ వేసుకుని, మైకు పట్టుకుని, పడ్డ ప్రతి వరుసనూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం నా పని. నన్ను మైకు మాస్టారు అనేవాళ్లు. ఈ పనిలో ఒక కష్టం ఉంది. చెప్పేవాడు సినిమా చూడడు. కళ్లు తెర అడుగునే ఉంటాయి. నేను అట్లా వందకు పైగా సినిమాలు చెప్పాను, కానీ వాటిలో ఒక్క మొహం కూడా సరిగ్గా గుర్తులేదు.

ప్రొజెక్టరు చూసేది బాషా. తెనాలిలో రేడియోలు బాగుచేసే మనిషి, నా ఈడువాడు. నేను ఎక్కడ తడబడ్డానో తర్వాత వినిపించి ఏడిపించడానికి ప్రతి ఆటలోనూ మైకులో పడ్డదంతా టేపులో ఎక్కించేవాడు.

అయిదింటిలో ఒకటి ఈశాన్య రాష్ట్రాల కొండల్లో తీసింది. ఒక పెద్దావిడ, ఒక ఇల్లు, ఆ ఇంటి పక్కనుంచి పడుతున్న రోడ్డు. అంతే. దాని మధ్యలో ఆవిడ గడప దగ్గర కూర్చుని గిన్నెలు కడిగే ఘట్టం మూడు నిమిషాలు ఉంటుంది. ఒక్క మాట ఉండదు. తెర అడుగున అక్షరం పడదు. నాకది మంచినీళ్లు తాగే సమయం. తెనాలిలో తాగాను. బాపట్లలోనూ తాగాను. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నది నాకు స్పష్టంగా గుర్తుంది.

బాపట్లలో ఆట మా చర్చి వెనక బడి హాల్లో పెట్టాం. పక్కనే కదా అని అమ్మ మొదటిసారి వచ్చింది. ఆట అయ్యాక చూస్తే ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటికి వెళ్తే వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది.

"ఆ మాట నీకెవరు చెప్పార్రా?" అంది.

"ఏ మాటమ్మా?"

"పారబొయ్యకమ్మా, సాయంత్రం వచ్చి తాగుతా అని మైకులో అన్నావు కదా. ఆ మాట."

అలాంటి వరుస సినిమాలో లేదని చెప్పాను. పొరపడ్డావన్నాను. అప్పుడు అమ్మ నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. ఆ రోజు ఆశీర్ చెప్పకుండా వెళ్లిపోయాడని మా అందరికీ చెప్పింది, అది అబద్ధం. ఆరాధన ఎగ్గొట్టి బీచికి పోతున్నాడని ఆమెకు కోపం వచ్చింది. వాడి కోసం కలిపిన మజ్జిగ వాడి కళ్లముందే గుమ్మంలో పారబొయ్యబోయింది. వాడు చెప్పులేసుకుంటూ ఆ మాట అన్నాడు. ఆమె వినలేదు, పారబోసేసింది. వాడు నవ్వుతూ వెళ్లిపోయాడు.

"ఆ గుమ్మంలో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం" అంది అమ్మ.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు తెనాలిలో రైలు దిగి నేరుగా బాషా కొట్టుకు వెళ్లి టేపు పెట్టించాను. ఆ ఘట్టం వచ్చింది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మీద నా గొంతు, తొందర లేకుండా, ఆ మాట అంది. గొంతు నాదే. వాడిది కాదు, వాడిలా కూడా లేదు. తెనాలి ఆట టేపు పెట్టాం. అందులో గిన్నెల చప్పుడు ఒక్కటే ఉంది. డీవీడీ పెట్టి ఆ మూడు నిమిషాలూ ఆపి ఆపి చూశాం. ఎక్కడా ఒక్క అక్షరం పడలేదు.

"మీకు తెలియకుండా మీ మనసులోంచి వచ్చేసి ఉంటదండీ మాస్టారూ" అన్నాడు బాషా. నేనూ అదే అనుకోవాలని చూశాను. కానీ నా మనసులో ఉంటేనే కదా రావడానికి. నాకు తెలియని మాట నాలోంచి ఎలా వస్తుంది?

ఆ వారమంతా నేను మనిషిలా లేను. క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగి, "ఇప్పుడు నేనేమన్నాను?" అని పిల్లల్ని అడిగేవాణ్ణి. వాళ్లు పరీక్షిస్తున్నానని అనుకుని వరస తప్పకుండా అప్పజెప్పేవాళ్లు.

శనివారం అమ్మ తనూ రేపల్లె వస్తానంది. వద్దన్నాను. "వాడింకేమన్నా అంటాడేమో వినాలిరా" అంది. అప్పటికే చీర మడతపెట్టుకుని ఉంచింది. నాకు భయమేసింది. ఏమీ వినపడకపోతే ఈమె ఏమైపోతుంది? వినపడితే నేనేమైపోతాను?

రేపల్లెలో ఒక రైసుమిల్లు గోడౌనులో ఆట. ఊక వాసన, ముందు వరుసలో అమ్మ. మొదలుపెట్టే ముందు బాషాను పక్కకు పిలిచి చెప్పాను. ఆ ఘట్టం రాగానే మైకు ఆపెయ్యమన్నాను. ఆ మూడు నిమిషాలూ కళ్లు నా మీద నుంచి తిప్పవద్దన్నాను.

ఘట్టం వచ్చింది. బాషా మైకు ఆపాడు. నేను గ్లాసు ముట్టుకోలేదు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు నాకో చెడ్డ ఆలోచన వచ్చింది. ఆ మాట నాకిప్పుడు తెలుసు. అమ్మ కోసం నేనే అనేస్తే? ఒక్కసారి అంటే ఆమె మనసు కుదుటపడుతుంది కదా? అనలేదు. చచ్చిన తమ్ముడి పేరు మీద నాటకం ఆడడానికి నోరు రాలేదు. నాకు గుర్తున్నంత వరకు నేను నోరు తెరవలేదు. గిన్నెల చప్పుడు అయిపోయింది. బాషా మైకు వేశాడు. తర్వాతి వరుస నుంచి మామూలుగా చెప్పుకుపోయాను.

ఆట అయ్యాక బాషా దగ్గరికి వెళ్లాను. వాడు నా మొహం చూడకుండా వైర్లు చుడుతున్నాడు.

"ఏమైనా అన్నానా?"

"ఇక్కడికేం వినపళ్లేదండి. మైకు ఆపేశా కదా. టేపులోనూ ఏం ఎక్కదు." చుట్టిన వైరు పెట్టెలో పడేశాడు. "కానీ మాస్టారూ, మీ పెదాలు ఆగలేదండి. ఆ మూడు నిమిషాలూ మాట్లాడుతూనే ఉన్నారు. అమ్మగారి వంక చూస్తా."

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఏం విన్నావని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. రేపల్లె దాటాక ఆమే అంది.

"కూడిక పెట్టుకుందాంరా. వచ్చే నెల్లో పాస్టరుగారిని అడుగు."

ఇంటికి వచ్చాక మజ్జిగ కలిపింది. ఒక గ్లాసు నా చేతికిచ్చి తాగమంది. రెండోది తను తాగింది. గ్లాసులు కడిగి బోర్లించింది. ఆ రోజు నుంచి మూతపెట్టి పక్కన ఉంచడం మానేసింది. గేటు చప్పుడైతే ఇప్పుడు నేనొక్కణ్ణే తలెత్తుతాను.

కూడిక బాగా జరిగింది. బాషా వచ్చాడు గానీ, పొరపాటున కూడా మైకు నా దగ్గరికి తేలేదు. నేను సొసైటీలో ఆ పని మానేశాను. గొంతు బాగోలేదని చెప్పాను. ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు వేళ్లతో పెదాలు తడుముకునే అలవాటు పోలేదు, అవి కదులుతున్నాయేమోనని.

బాపట్ల టేపు నా దగ్గర ఉంది. ఎవరైనా వినొచ్చు. రేపల్లె టేపులో ఆ చోట ఉత్త గరగర. అక్కడ నేనేమన్నానో నేను చెప్పలేను. చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మా ఇంట్లోనే ఉంది. బతిమాలాను, కోప్పడ్డాను, ఒకసారి ఏడ్చాను కూడా. రేపల్లెలో వాడు ఏమన్నాడమ్మా అని అడిగిన ప్రతిసారీ అమ్మ నన్ను వింతగా చూస్తుంది.

"అంతసేపు చెప్పింది నువ్వే కదరా" అంటుంది. "మళ్లీ నన్నడుగుతావేంటి?"