డిస్కు మీద పడేదాకా

కల్లూరులోని ఓ చిన్న బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్లు చూసేది ఓబుళేశు. నిరుడు రక్తదాన శిబిరం నాడు సర్వర్ మొరాయిస్తుంటే, వివరాలను ముందు మెమరీలో దాచుకుని తర్వాత తీరిగ్గా డిస్కులో రాసే ఏర్పాటును ఆన్ చేశాడు. పని పరుగెత్తింది. అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పాత బ్యాటరీ నిలవలేదు. సేవ్ అయ్యాయని తెర మీద చూపించిన పద్నాలుగు రక్తం బ్యాగుల వివరాలు డిస్కులో లేవు. టెక్నీషియన్ యామిని ఆ పద్నాలుగింటినీ మళ్లీ పరీక్షించింది. అందుకోసం రాత్రి పొద్దుపోయేదాకా ఇంటికి పోలేదు. అదే అతనికి బరువైంది.

ఈ ఏడాది ఫొటోలకు, రిపోర్టులకు ఆ వేగం ఉంచి, రక్తం వివరాలకు మాత్రం తీసేశాడు. శిబిరంలో దాతల వరుస గుమ్మం దాటింది.

"ఏమప్పా, నీ మిషను నిద్రపోతాండాదా?" అన్నాడు వరుసలోని పెద్దాయన.

"రాస్తాండాది పెద్దయ్యా. రాసినాకే రాసినా అంటాది," అన్నాడు ఓబుళేశు.

మేనేజరు వచ్చి రక్తం వివరాలకూ నిరుటి ఏర్పాటే ఆన్ చేయమన్నాడు. ఓబుళేశు చేయి మౌస్ మీదికి పోయి ఆగింది.

"ఇట్లే ఉండనీ అన్నా," అంది యామిని, బ్యాగుకు చీటీ అంటిస్తూ. "నేను మళ్లీ పరీక్షలన్నీ రెండోసారి చేయలేను."

మేనేజరు వరుసకేసి ఒకసారి చూసి, తన గదికి పోయాడు. ఓబుళేశు లేచి, వరుసలో ఉన్నవాళ్లకు కుర్చీలు వేశాడు.