రేషన్ కార్డు ఇంట్లో వదిలేసి ఓడెక్కబోయాం

ఓడరేవు గేటు దగ్గర మా అమ్మను ఆపేశారు. టిక్కెట్టుంది, పర్మిట్టుంది. ఆ పర్మిట్టులో పేరున్న మనిషి ఈవిడేననడానికి రుజువు లేదన్నారు. యాభై ఐదేళ్ల మనిషిని, కన్నకొడుకు పక్కన నిలబడి ఉండగా, నువ్వెవరో మాకు తెలియదన్నారు. అది అన్యాయం. అరవై ఏళ్ల తర్వాత కూడా అదే మాట అంటాను.

అప్పుడు మేం బందర్లో ఉండేవాళ్లం. నేను ఒక ప్రెస్సులో కంపోజిటర్ని. చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా సీసపు అక్షరాల్లోంచి, తిరగేసి చదువుకుని, ఏరుకున్నదే. ఇంగ్లీషు కూడా అలాగే వచ్చింది. మా చెల్లెల్ని అండమాన్ దీవుల్లో కలప మిల్లులో పనిచేసే కుర్రాడికిచ్చాం. తొలికానుపుకి పుట్టింటికి రావాలి. సముద్రప్రయాణం వద్దని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. "అమ్మను పంపించన్నయ్యా, నాకు భయంగా ఉంది" అని చెల్లెలు రాసింది. పిల్ల రాలేకపోతే తల్లే వెళ్లాలి కదా. ఎటూ వెళ్లేది ఒక్కసారే, అందరం ఓడెక్కి చూసొద్దామనుకున్నాం: అమ్మ, నేను, మా ఆవిడ, నాలుగేళ్ల మా అమ్మాయి.

రెండు నెలలు తిరిగాక, ఆ దీవులకి వెళ్లడానికి సర్కారు ఇచ్చే పర్మిట్టు వచ్చింది. దాని కింద ఒక ముక్క ఉంది, ప్రతి ఒక్కరూ తగిన గుర్తింపు రుజువు వెంట తెచ్చుకోవాలని. ఏది తగినదో చెప్పలేదు. ఇలాంటి నోటీసులు నా చేత్తో నేనెన్ని పేర్చానో లెక్కలేదు. 'తగిన' అన్న మాటకి అర్థం చెప్పిన నోటీసు ఒక్కటీ నా చేతిమీదుగా పోలేదు.

ట్రంకుపెట్టె మంచం మీదికెక్కించి కాగితాలు పరిచాం. మా ఆవిడకి ఎస్సెల్సీ పుస్తకం ఉంది. గుడివాడలో హైస్కూలు చదివిన మనిషి, ఆ పుస్తకం నాకు చూపించి మరీ పక్కన పెట్టుకుంది. పాపకి ఆసుపత్రి వాళ్లిచ్చిన పుట్టుక చీటీ ఉంది. నాకు మా ప్రెస్సు మేనేజరు ముద్రేసి ఇచ్చిన ఉత్తరం. అమ్మకే ఏమీ లేదు. నాన్న పోయినా ఆయన పేర పట్టా ఉంది, పన్ను రసీదులున్నాయి. వాటన్నిటిలోనూ అమ్మ ఎక్కడా లేదు. సర్కారు ముద్రతో ఆవిడ పేరూ వయసూ ఉన్న కాగితం మా ఇంటి మొత్తానికి ఒక్కటే, రేషన్ కార్డు.

"అదే తీసుకెళ్దామండీ" అంది మా ఆవిడ.

అవి పంచదార కంట్రోలు రోజులు. కార్డు మేం పట్టుకుపోతే ఇంట్లో ఉండే తమ్ముడికీ, మరదలికీ, వాళ్ల పిల్లలకీ నెలంతా పంచదార లేదు, కిరసనాయిలు లేదు. మరదలు గుమ్మంలో నిలబడింది. చేతిలో పంచదార డబ్బా ఉంది. అది చూసి నాకు మొహమాటమేసింది.

"నాకు అయ్యగారి ఉత్తరం ఉందిగా" అంది అమ్మ. మా సంఘాల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరు వెళ్లేవాళ్లకి పాస్టరు గారు ఉత్తరం రాసిస్తారు, ఈ సహోదరి మంచి సాక్ష్యం కలిగినది, చేర్చుకోండి అని. ఆ ఉత్తరంతో అమ్మ ఏ ఊరు వెళ్లినా కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఓడవాళ్లు మాత్రం వేయరా అని ఆవిడ ధైర్యం. కార్డు ఇంట్లోనే ఉంచుదామని తేల్చింది మాత్రం నేను. ఆ తప్పు ఇంకెవరి మీదా వేయను.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాయన తెలుగాయనే. కళ్లజోడు, నలగని చొక్కా. మా ముగ్గురి కాగితాలూ చూసి సరేనన్నాడు. అమ్మ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాడు. మడత మీద మడత పెట్టి తిరిగిచ్చేశాడు.

"ఇది మీ పాస్టరు గారి మాటమ్మా. గవర్నమెంటు కాగితం ఏది?"

"వీడు నా కొడుకు బాబూ. వీణ్ణి అడుగు."

"వారు చెబితే సరిపోదండీ."

"కన్నదాన్ని నేను. వాడి కాగితం చెల్లింది, నేను చెల్లలేదా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "రూలమ్మా" అన్నాడు. అమ్మ ఆ బల్ల పక్కనే పెట్టె మీద కూర్చుంది. మంత్రసాని లేనిచోట తొలికానుపంటే ఏమిటో, తను ఎన్ని కానుపులు చూసిందో, ఆయనకి వినపడేట్టు చెబుతూనే ఉంది. ఆయన తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాడు. నేను ఇంగ్లీషులో కూడా కేకలేశాను. ఏం లాభం? ఓడ మధ్యాహ్నం బయల్దేరుతుంది, కార్డు ఒక రాత్రి రైలు దూరంలో బందర్లో ఉంది. మళ్లీ ఓడ మూడు వారాలకి.

అప్పుడు మా ఆవిడ పాపను చంకనెత్తుకుంది. "ఏవండీ, మీరు అత్తయ్యగారిని ఇంటికి తీసుకెళ్లండి, నేను వెళ్తాను. అక్కడ ఆ పిల్ల ఒక్కతే ఉంది. అత్తయ్యగారు వచ్చేదాకా నేనుంటాను."

అంతకుముందు నీళ్ల మీద ఆవిడ ఎక్కినవాటిల్లో పెద్దది కాలవలో పడవ. సముద్రం మీద నాలుగు రోజులు, ఎరిగిన మొహం ఒక్కటీ లేదు. అమ్మ తన మూటలోంచి వాము, శొంఠి, పాత చీరల గుడ్డలు తీసి ఒక్కొక్కటీ దేనికో చెబుతూ కోడలి చేతిలో పెట్టింది. మా ఆవిడ వెనక్కి తిరగకుండా ఓడ నిచ్చెన ఎక్కేసింది. ఆ రోజుకి ఈ నోటితో నేనెన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా చాలదు. చెబితే "చాల్లెండి, మీ రేషన్ కార్డు పుణ్యం" అనేది.

తిరిగి వచ్చామా, నేను ఊరుకోలేదు. ఒకటి కాదు, ఈసారి ఆ బల్ల నిండేటన్ని రుజువులు తేవాలనుకున్నాను. మా పక్కింట్లో మాస్టారు గారుండేవారు, అర్జీ ఎలా రాయాలో నాకు నేర్పినాయన. "ఒక్క కార్డు చాలునయ్యా" అన్నారాయన.

"చాలదండీ. ఆవిడెవరో తెలియదన్నారండీ."

ఆయన చొక్కా తొడుక్కుని నాతో బస్సెక్కారు. చల్లపల్లిలో మారి, దివిసీమలో అమ్మ పుట్టిన ఊరికి వెళ్లాం. మునసబు గారు బెంచీ మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. పాత పుట్టుకల రిజిస్టరు ఏనాడో తుఫానుకి నాని ముద్దయిపోయిందన్నారు.

"పోనీ, మా అమ్మ ఈ ఊళ్లో పుట్టిందని మీరు రాసివ్వండి."

"బాగుందయ్యా. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. నేను పుట్టకముందు సంగతికి నేనెలా సాక్ష్యం చెప్పేది?" అన్నారు. అని, తనే లేచి మాలపల్లె చివర్న ఉన్న ముసలి మంత్రసాని దగ్గరికి తీసుకెళ్లారు. ఎనభై దాటిన మనిషి, చూపు ఆనదు. సంగతి విని రెండు చేతులూ చాపింది.

"దాన్ని ఈ చేతుల్లోనే పట్టాను నాయనా. కాళ్లు ముందొచ్చాయి. నన్ను చంపుకు తింది. రాసుకో!"

మాస్టారు రాశారు, ఆవిడ వేలిముద్ర వేసింది, మునసబు గారు కింద సంతకం చేశారు. ఆ ఊరి పాస్టరు గారు బాప్తిస్మపు రిజిస్టరు నకలిచ్చారు. ఎవరూ విసుక్కోలేదు. మేం ఎవరమని వాళ్లంతా అంత శ్రమపడాలి? ఇంటికొచ్చేసరికి మరదలు రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "బెల్లం కాఫీ తాగుతాం బావగారూ. అత్తయ్య వెళ్లాలి."

మొత్తం పదకొండు కాగితాలు. ఆయిల్ గుడ్డలో చుట్టి, పేర్చిన పేజీని మేం ప్రెస్సులో కట్టే పద్ధతిలో దారం బిగించాను. దానికి ముడి ఉండదు, కొస లోపలికి దోపేస్తాం. తెలియనివాడు విప్పితే మళ్లీ అలా కట్టలేడు. నాకు సెలవు అయిపోయింది, అందుకని తమ్ముడు అమ్మను తీసుకెళ్లాడు. తిరిగొచ్చి, "నన్ను దూరంగానే ఆపేశారన్నయ్యా. అమ్మ లోపలికెళ్లింది, ఓడ వెళ్లేదాకా నిలబడ్డాను, బయటికి రాలేదు" అన్నాడు. అంతే తెలిసింది.

నెల దాటాక మా ఆవిడ ఉత్తరం. అమ్మ క్షేమంగా చేరింది. చేరిన తొమ్మిదో రోజున చెల్లెలు ప్రసవించింది, ఆడపిల్ల. కష్టమైన కానుపేనట. అమ్మ చెయ్యి ఉండబట్టి గండం గడిచిందని డాక్టరే అన్నాడట. ఉత్తరం పట్టుకుని ప్రెస్సులో అందరికీ చదివి వినిపించాను. నాలుగోసారి చదువుతుంటే చివరి వాక్యం నిలేసింది: "మీరు కట్టిన కాగితాల కట్ట, దారం కదలకుండా, కట్టింది కట్టినట్టే ఉంది."

విప్పలేదు! పదకొండు కాగితాలు, ముసలావిడ వేలిముద్ర, బెల్లం కాఫీ, అన్నీ ఉండగా విప్పనేలేదు. ఆ ఆఫీసుకి నాలుగు ఠావుల అర్జీ రాశాను. రెండోసారి అక్కర్లేని రుజువు మొదటిసారి ఎందుకు కావలసి వచ్చింది? ఏ రూలు కింద ఆపారు, ఏ రూలు కింద పంపారు? ఈ మధ్యలో మారిందెవరు, మా అమ్మా, మీ రూలా? జవాబు రాలేదు. మళ్లీ రాశాను. మూడో నెలలో ఒక కవరు వచ్చింది. టైపు కాదు, చేతిరాత, తెలుగులో:

"అయ్యా, మీ అర్జీలు రెండూ అందినవి. రూలు మారలేదు. వచ్చిన మనిషి ఫలానా అని గేటు అధికారికి నమ్మకం కలగవలెనని మాత్రమే అందులో ఉన్నది. మొదటిసారి మీ తల్లిగారెవరో నేనెరుగను. రెండోసారి వరసలో దూరంగా ఉండగానే గుర్తుపట్టాను. ఆమె కట్ట విప్పబోతే నేనే వద్దన్నాను. ఇంతకూ మీ చెల్లెలికి బాబా, పాపా? నాలుగు ఠావుల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. దయచేసి తెలియజేయగలరు."