తమ్ముని చీరలు, నా కోపం

మొన్న పెనుకొండలో చుట్టాల పెండ్లికి పోయి, మూడేండ్ల నా కోపాన్ని నలుగురి ముందర నవ్వులపాలు చేసుకొని వచ్చినానప్పా!

నేను ధర్మవరంలో మగ్గం నేస్తా. నా తమ్ముడు హిందూపురంలో నేస్తాడు. మూడేండ్ల కింద వాని కూతురి పెండ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవల్యా. పత్రిక వాట్సాప్‌లో పంపినాడు! సొంత అన్నకు! నేను పోల్యా. ఆ దినం నుంచి మాటల్లేవు.

అయితే వాడు నేసిన చీరలు దినామూ పొద్దున్నే స్టేటస్ పెడతాడు. నాకు చదువు అంతంత మాత్రం. బొమ్మలైతే చూస్తా. అంచు యాడ వంకర పోయింది, బుటా యాడ తప్పింది అని వెతుకుతా. ఒక్క తప్పు దొరికిందా, ఆ పూట కాఫీ మహా రుచి! నేను చూసేది వానికేం తెలుస్తాదిలే అనుకుంటి. తెలిస్తే ఇంక నా కోపానికి విలువేముండాది?

పెండ్లిలో వాడు ఎదురొచ్చినాడు. గడ్డం పైకెత్తి, మొగం తిప్పుకొని నిలబడినా. మరదలు దగ్గరికొచ్చింది.

"బావా, ఒళ్లు బాగైందా?"

"నాకు జరమొచ్చిందని నీకెవురు చెప్పిరి?"

"పోయిన వారం నాలుగు దినాలు మీరు స్టేటస్ చూడల్యా. అన్నకేమైందో అని ఈయన అన్నం కూడా సరిగ్గా తినల్యా. మీ పక్కింటాయనకు ఫోన్ చేసి కనుక్కొంటిమి."



"నేనెందుకు చూస్తా మీ స్టేటస్?"

తమ్ముడు ఫోన్ తీసి చూపిచ్చినాడు. చీర కింద చూసినోళ్ల వరస. అందులో నా ఫోటో! ఆ దినం నాలుగు చీరలు పెట్టింటే, నాలుగింటి కిందా నేనే!

"ఫోను దానంతటదే తెరుచుకుంటాది" అన్నా.

"దినామూనా బావా?"

పక్కనుండే ఆడోళ్లంతా పకపకా నవ్విరి. తమ్ముడు మాత్రం నవ్వల్యా. తల దించుకొని అన్నాడు: "పోయిన శుక్రవారం చీర నువ్వు చూడల్యా గదన్నా. అంచు వంకర పోయింది."

పడుగు దారాల బిగువు చూసుకోరా అని నోటిదాకా వచ్చింది. మింగినా.

మర్నాడు ఫోన్ బీరువాలో పెట్టి మగ్గంలో కూర్చుంటి. పది గంటల దాకా ఓర్చుకున్నా. తర్వాత తెరిస్తే, వాడు పెండ్లి ఫోటో పెట్టినాడు. దాంట్లో మూలకు నేను, మొగం తిప్పుకొని! కోపం గట్టిగా కనపడుతాందా లేదా అని పెద్దది చేసి చూడబోతే, వేలు యాడనో తగిలి ఒక గుండె బొమ్మ పోయింది వానికి.

నా కోపానికి నేనే లైకు కొట్టినా!